సునె గొంతు

కుక్కర్ మూడో విజిల్ వేసేసరికి కీర్తి బొంతలోంచి తల బయటపెట్టింది. ముఖమంతా చెమట. చేతిలో ఫోను, దానికి వేలాడుతూ చిన్న మైకు. అలాగే వంటింటి గుమ్మందాకా వచ్చి, స్టవ్ వైపు ఒకసారి, నాయనమ్మ వైపు ఒకసారి చూసి, పావుగంట పాటు పప్పు పెట్టొద్దని చెప్పానా లేదా అని నిలదీసింది.

పీట మీద కూర్చుని తోటకూర కాడల నార తీస్తున్న అచ్చియ్యమ్మ తలెత్తలేదు.

"సెప్పేవు. నాకు సెప్పేవు. పప్పుకి సెప్పేవేటి?"

మాటకి మాట పెరిగింది. ఇప్పుడు పొయ్యెక్కకపోతే కొడుకు భోజనానికి వచ్చేసరికి ఏం పెట్టమంటావని అచ్చియ్యమ్మ. నాన్న ఒక్కరోజు కాసేపు ఆగితే మోటార్ల షాపు మునిగిపోదని కీర్తి. తమ కాలంలో కుండలో పప్పు ఉడికితే పక్కింటివాళ్లకి కూడా తెలిసేది కాదని, ఈ కూతలేసే గిన్నెని కొని తెచ్చింది తాను కాదని అచ్చియ్యమ్మ. పెరట్లో బట్టలు ఆరేస్తున్న కీర్తి తల్లి సంధ్యారాణి కొంతసేపు విని, ఇక తెగేలా లేదని లోపలికి వచ్చింది. స్టవ్ కట్టేసింది. కుక్కర్‌ని సింకులో పెట్టి పైనుంచి కుళాయి వదిలింది. ఆవిరి దిగాక మూత తీసి, సగం ఉడికిన పప్పును గిన్నెలోకి వంపి, సన్నసెగ మీద పెట్టింది.

"ఏటి మామ్మా, ఎప్పుడూ ఇలగే సేస్తావు," అని గొణుక్కుంటూ వెనక్కి తిరిగింది కీర్తి.

"ఏమిటి అను. ఇలాగే చేస్తావు అను," అంది సంధ్యారాణి, చెయ్యి తుడుచుకుంటూ. "ఆ నోటితోనే కదా ఇప్పుడు రికార్డింగ్ చెప్పాలి."

అచ్చియ్యమ్మ ఒకసారి కోడలి వైపు చూసింది. తర్వాత మళ్లీ తోటకూర అందుకుంది.

నడిమి గదిలో రెండు పరుపులు, ఒకటి గోడకీ ఒకటి బీరువాకీ ఆనించి నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద పాత చీరల బొంత. ఫ్యాను ఆపాలి, కిటికీ మూయాలి. వీధిలో గోవాడ పంచదార ఫ్యాక్టరీ వైపు పోయే చెరుకు ట్రాక్టరు చప్పుడు కూడా లోపలికి రాకూడదు. ఈ గూటిలో కూర్చుని కీర్తి ఒక జపాన్ బొమ్మల సీరియల్‌కి డబ్బింగ్ చెబుతోంది.

సీరియల్ ఇప్పటిది కాదు, నలభై ఏళ్ల నాటిది. సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు మూటలు వీపున వేసుకుని, మంచు కొండలు దాటి లోపలి ఊళ్లకి చేర్చే మనుషుల కథ. విశాఖపట్నంలో ఒక చిన్న స్టూడియో దాన్ని తెలుగులోకి తెస్తోంది. అక్కడ మాటలు చెప్పించే అజయ్ అనే కుర్రాడు కాలేజీ నాటకంలో కీర్తిని చూసి, ఒక సన్నివేశం పంపి, సునె అనే పాత్రకి చెప్పి శుక్రవారం లోగా పంపమన్నాడు. బాగుంటే వేషం నీదే అన్నాడు. డిగ్రీ అయిన దగ్గర్నుంచి కీర్తి ఎదురుచూస్తున్నది ఇలాంటి పిలుపు కోసమే.

సునె ఉప్పు మోసే పిల్ల. కోట దొర కూతురు రింకో తన ఇంట్లోంచి తప్పించుకుని, వీళ్ల గుంపులో కలిసి కొండ ఎక్కుతుంది. అజయ్ పంపిన సన్నివేశంలో రింకో వెనక్కి తిరిగి, నీ తమ్ముడు ఏడీ అని అడుగుతుంది. ఆ తెల్లవారుజామునే సునె తమ్ముణ్ణి మంచు కింద పూడ్చి వచ్చింది. ఆ సంగతి చూస్తున్న మనకి తెలుసు, గుంపులో ఎవరికీ తెలియదు. సునె చెప్పే జవాబు రెండు ముక్కలు. తమ్ముడు ముందు నడుస్తున్నాడని, వాడి నడక జోరని.

ఆ రెండు ముక్కల్నీ కీర్తి ముందురోజే తల్లికి మూడు భాషల్లో చూపించింది. ఇంగ్లీషులో గొంతు ఇచ్చినామె స్వరం తీయగా ఉంది. కానీ ఆమెకి నిశ్శబ్దమంటే భయం కాబోలు, సునె నోరు కదలని చోట కూడా మాటలు పోసింది. హిందీలో సునె ప్రతి మాట చివరా ఒక నవ్వు ఉంది. సంధ్యారాణికి జపాన్ భాష ఒక్క ముక్క రాదు. అయినా జపాన్‌ది విన్నప్పుడే ఆమె చేతిలోని పని ఆగింది. రింకో అడుగుతుంది. సునె ఊపిరి లోపలికి తీసుకుంటుంది, తీసుకున్న ఊపిరిని వెంటనే వదలదు. మూట తాడు భుజం మీదికి లాక్కుంటుంది. అప్పుడు చెబుతుంది, ఎవరో దారి అడిగితే చెప్పినట్టు. ఆ ఊపిరి మాట అయిపోయాక బయటికొస్తుంది.

"మొహం చూడు, ఏమైనా మారిందా?" అంది సంధ్యారాణి. "కన్ను కదల్లేదు, కనుబొమ కదల్లేదు. పెదవి ఒక్కటే ఆడింది. తక్కినదంతా ఆవిడ గొంతే మోసింది."

"అప్పట్లో అన్ని బొమ్మలు గీయడానికి డబ్బుల్లేవటమ్మా," అంది కీర్తి. అందరూ ఒకే గదిలో నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాటలు చెప్పేవారట. ముందరి భాగంలో వాళ్లు విన్న సునె తమ్ముడికి గొంతిచ్చింది కూడా పెద్ద వయసు ఆడమనిషేనట. ఆ మాట అచ్చియ్యమ్మ అసలు నమ్మలేదు. "అది గుంటడి గొంతే. నా సెవులు బాగానే ఉన్నాయి," అని తేల్చేసింది.

అజయ్ పంపిన తెలుగు మాటల్లో రింకో అచ్చు పుస్తకంలా మాట్లాడుతుంది. సునెకి రాసినవి చదివి సంధ్యారాణి కాగితం బల్ల మీద పెట్టేసింది. "ఓలమ్మో! ఆడేటి, లగెత్తుకుని ఎల్లిపోనాడు బాబోయ్!" అని ఉంది. పక్కన, నవ్వు రావాలి, అని రాసి ఉంది.

"మన మాట అంటే వీళ్లకి నవ్వులాట," అంది. పెన్ను తెచ్చి ఆ వాక్యాలు కొట్టేసింది. మోకాలి మీద వేలితో తట్టుకుంటూ, సునె పెదవి ఎన్నిసార్లు విచ్చుకుంటే అన్ని అక్షరాలు పట్టేలా కొత్తగా రాసింది. 'వాడు ముందు వెళ్తున్నాడు. వాడి నడక వేగం.' మంచి తెలుగు. ఎక్కడా మరక లేదు. ఇవాళ రింకో మాటలు కూడా బొంత బయట కూర్చుని తనే చదివింది, ఎదురుగా మనిషి ఉంటే తప్ప ఆ ఊపిరి కుదరదని కీర్తి అన్నందుకు. ఎన్నోసారికో కుదిరింది. పప్పు కూడా అప్పటికి ఉడికింది.

శుక్రవారం మధ్యాహ్నం అజయ్ ఫోన్ చేశాడు. కీర్తి ఫోన్ పెట్టేసి సంగతి చెప్పింది. భాష ఇంత శుభ్రంగా ఉన్న పిల్లని సునెకి వాడుకోవడం దండగని, రింకో పాత్ర ఇస్తున్నానని అన్నాడట. రింకో అంటే సీరియల్ మొదటి నుంచి చివరిదాకా. టైటిల్లో పేరు.

సంధ్యారాణికి కాళ్లు నేల మీద ఆనలేదు. పక్కింటి కామాక్షమ్మగారికి చెప్పింది. ఎదురింటివాళ్లకి చెప్పింది. కూరగాయలకి వెళ్లినప్పుడు, తన అసలు పని వంకాయలు కాదన్నట్టు, కొట్టువాడికి కూడా చెప్పింది. సాయంత్రం కీర్తి నాన్న గౌరీశంకర్ చేతులకి అంటిన మోటారు వార్నిష్ కూడా కడుక్కోకుండా జాంగ్రీల పొట్లంతో ఇంటికొచ్చాడు. "రాజు కూతురంట మన గుంట," అని తల్లికి ఒకటి, కూతురికి ఒకటి నోట్లో పెట్టాడు.

"మరి ఆ ఉప్పు మోసే గుంటకి ఎవులు సెప్తారు?" అని అడిగింది అచ్చియ్యమ్మ, జాంగ్రీ నములుతూ.

హైదరాబాద్‌లో కామెడీ చెప్పే ఆవిడ ఎవరో చెబుతోందని కీర్తి చెప్పింది. చెప్పి లేచి వెళ్లిపోయింది. తన జాంగ్రీలో సగం అలాగే వదిలేసింది.

శనివారం దేవిశ్రీ వచ్చింది. కీర్తితో చదువుకున్న పిల్ల. నర్సింగ్ చేసి, జపాన్‌లో ఉద్యోగం కోసం విశాఖలో ఆ భాష నేర్చుకుంటోంది. రింకో కబురు విని అభినందించడానికి వచ్చి, సన్నివేశం చూపించమంది. రెండుసార్లు చూసింది. రింకో మాట్లాడింది తమ పాఠాల్లో ఉన్నట్టే ఉందని, సునెది మాత్రం తనకి సగం అర్థం కాలేదని చెప్పింది. అక్కడికక్కడే తమ జపాన్ మాస్టారికి వీడియో కాల్ చేసి వినిపించింది. అది పట్నం భాష కాదట. ఉత్తరాన కొండల్లో ముసలివాళ్లు మాట్లాడే పలుకట. చిన్నప్పుడు తన అమ్మమ్మ నోట విన్న మాటలని ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"జపాన్‌లో కూడా మన ఏటి, ఎవులు లాటి మాట ఉంటాదా?" అంది అచ్చియ్యమ్మ.

"ప్రతి ఊర్లో ఉంటాది మామ్మా," అంది దేవిశ్రీ.

సంధ్యారాణి టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. ఒక గ్లాసును రెండోసారి కడుగుతున్నానని కొంతసేపటికి గమనించింది. ఆ ఊపిరినీ ఆ ఆగడాన్నీ ఇంత శ్రద్ధగా విన్నది తను. సునె మాట ఎక్కడిదో మాత్రం వినలేదు. నవ్వు తీసేద్దామని కూర్చుని ఊరినే తీసేసింది. అలా తీసేసినందుకే సునె ఇప్పుడు హైదరాబాద్ కామెడీ ఆవిడ చేతికి పోయింది. అయినా రింకో రింకోయే కదా అనుకుంది. టైటిల్లో పేరు పడుతుంది కదా.

ఆదివారం పొద్దున్న తల్లీకూతుళ్లిద్దరూ చోడవరంలో, సబ్బవరం మీదుగా విశాఖ వెళ్లే బస్సెక్కారు. స్టూడియో ఒక మందుల షాపు పై అంతస్తులో ఉంది. అజయ్ మర్యాద తెలిసిన కుర్రాడు. "రండమ్మా, కూర్చోండి" అని సంధ్యారాణికి తన కుర్చీ ఇచ్చాడు. తనది చోడవరం పక్కన చీడికాడేనని, ఎప్పుడో ఒకసారి తమ పొలం మోటారు మీ షాపులోనే వైండింగ్ చేయించామని చెప్పాడు. మిషను దగ్గర రాము అనే అబ్బాయి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు. సునె గొంతు హైదరాబాద్ నుంచి వచ్చేసిందని, అది వింటే రింకో గొంతు ఎంత ఎత్తులో ఉండాలో తెలుస్తుందని అజయ్ ఆ సన్నివేశం పెట్టించాడు.

మంచు. కొండ. రింకో వెనక్కి తిరిగింది. ఆమె మాటలకి గొంతు ఇంకా లేదు, పెదాలు మాత్రం కదిలాయి. అప్పుడు, సునె పెదవి కదలకముందే, కీచు గొంతు ఒకటి ఎగిరి పడింది.

"ఓలమ్మో! ఆడేటి, లగెత్తుకుని ఎల్లిపోనాడు బాబోయ్!"

అజయ్ నవ్వాడు. రాము భుజాలు కదిలాయి. తెర మీద సునె మూట తాడు భుజం మీదికి లాక్కుంది, ఎప్పటిలాగే, నెమ్మదిగా. అది చూసేసరికి, తన పెదాల మీద కూడా నవ్వు ఉందని సంధ్యారాణికి తెలిసింది. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కన కీర్తి నవ్వలేదు. తెర వైపే చూస్తోంది, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని.

ఆ ముక్కే జపాన్ భాషలో ఒకసారి పెట్టమని కీర్తి అడిగింది. పెట్టారు. తర్వాత, సునెకి తను ఇంకోసారి చెప్పి చూస్తానంది. అజయ్ తల గోక్కున్నాడు. రింకో చేతిలో ఉండగా సునె ఎందుకన్నాడు. పిల్లలు చూసే సీరియల్లో ఒక్కరైనా నవ్వించాలని, మన యాస వింటే జనం నవ్వుతారని, నవ్వితేనే చూస్తారని చెప్పాడు. అతని మాటలో చెడ్డతనం లేదు. అలా అనుకోవడం అందరికీ అలవాటైపోయింది, అంతే. తానూ మొన్నటిదాకా అదే అనుకుంది కదా అనుకుంది సంధ్యారాణి.

"జపాన్‌లో సునెకి చెప్పినావిడ కూడా పల్లె మాటే చెప్పిందండీ," అంది. "అది విని అక్కడ ఎవరూ నవ్వలేదు కదా."

అజయ్ రాము వైపు చూసి, మైకు పెట్టమన్నట్టు చెయ్యి ఊపాడు.

అద్దాల గదిలో కీర్తి రెండో మైకు కూడా అడిగింది. అమ్మ ఎదురుగా ఉండాలంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. తెర మీద మంచు మొదలైంది. రింకో మాట సంధ్యారాణి చెప్పింది, అలవాటైన శుభ్రమైన తెలుగులో.

"నీ తమ్ముడు ఎక్కడ సునె? కనిపించడం లేదు."

కీర్తి ఊపిరి పీల్చింది. ఆపింది. తెర మీద తాడు భుజం మీదికి వచ్చేదాకా ఆపింది.

"ఆడు ముందు ఎల్తన్నాడు," అంది. "ఆడి నడక జోరు."

గొంతు పెంచలేదు, వణికించలేదు. ఆ గొంతు సంధ్యారాణికి తెలుసు. వేళ కాని వేళ చుట్టాలొచ్చి అన్నం చాలని రోజు, అచ్చియ్యమ్మ గోడకి ఆనుకుని "నాను తినీసేను, మీరు తినండి" అనేది ఆ గొంతుతోనే. ఇంట్లో ఎవరూ ఆ మాటని అబద్ధమని పట్టుకోలేదు. ఈ పిల్ల పట్టుకుంది. ఎప్పుడు వినిందో, ఎక్కడ దాచుకుందో. రింకో తర్వాతి మాట చెప్పాల్సింది సంధ్యారాణే. చెప్పలేకపోయింది. తెర మీద బొమ్మ పెదాలు ఉత్తినే ఆడి ఆగిపోయాయి.

అవతల రాము హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించుకున్నాడు. అజయ్ ఇంకోసారి వేయమన్నాడు. ఇంకోసారి విన్నాడు. "మా చిన్నమ్మ ఇలగే మాట్లాడతాది," అన్నాడు. అంతవరకూ అతని నోట ఆ పలుకు వాళ్లు వినలేదు.

తర్వాత పని మాటల్లోకి వచ్చాడు. రెండు పాత్రలూ ఎదురెదురుగా మాట్లాడుకోవాలి కాబట్టి రెండూ ఒకరికి ఇవ్వడం కుదరదు. రింకో చివరిదాకా ఉంటుంది. సునె మూడో వంతు కథకే కొండ దిగి వెళ్లిపోతుంది, టైటిల్లో పేరు కూడా రాదు. పైగా సునె మాటలన్నీ మళ్లీ మొదటినుంచి రాయాలి. పెదవికి సరిపోవాలి, పలుకు నిజంగా ఉండాలి. అలా రాసే మనిషి తన దగ్గర లేడు. ఇంటికెళ్లి మాట్లాడుకుని, సాయంత్రం లోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క కీర్తి కూర్చుంది. బస్సు సబ్బవరం దాటింది.

"నేను సునె చెప్తానంటే నీకు నామోషీ కదమ్మా," అంది కీర్తి. "రింకో అని అందరికీ చెప్పీసేవు."

చెప్పీసేవు కాదు చెప్పేశావు అనబోయి సంధ్యారాణి ఆగింది. కూతురి జబ్బ మీద చెయ్యి వేసింది. చోడవరం వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది. పెదాలు మాత్రం కొద్దికొద్దిగా కదులుతున్నాయి. రెండో చేతి వేలు మోకాలి మీద తాళం వేస్తోంది.

ఇల్లు చేరేసరికి భోజనాల వేళ దాటిపోయింది. అయినా ఎవరూ తినలేదు. గౌరీశంకర్ షాపు మూసేసి ఇంట్లోనే ఉన్నాడు. ఆదివారం కాబట్టి కోడికూర. అచ్చియ్యమ్మ చాప పరిచి కంచాలు పెట్టింది. అందరికీ వడ్డించాక తనూ కూర్చుంది, అదీ కీర్తి చెయ్యి పట్టుకుని లాగితేనే.

గౌరీశంకర్ మొదటి ముద్ద కలుపుతూ, రింకో రికార్డింగ్ ఎలా జరిగిందని అడిగాడు. పొద్దున్న షాపుకి వచ్చిన ఇద్దరు ముగ్గురు కూడా అడిగారని, మీ అమ్మాయి గొంతు ఫోన్లో ఎప్పుడు వస్తుందని అంటున్నారని చెప్పాడు. చెబుతుంటే అతని మొహం వెలిగిపోతోంది. కీర్తి కంచం వైపు చూసింది. తర్వాత తల్లి వైపు చూసింది.

సంధ్యారాణి నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"రింకో ఒద్దనీసేం," అంది. "మన గుంట సునెకి సెప్తాది. దాని మాటలన్నీ నాను రాస్తాను. ఆ అబ్బాయికి ఇందాకే ఫోన్ సేసి సెప్పీసేను."

గౌరీశంకర్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో భార్య నోట అతను ఆ పలుకు వినలేదు. రింకో ఎందుకు వద్దన్నావని అడగడం కూడా మర్చిపోయి ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాడు. కీర్తి కళ్లనిండా నీళ్లు, నోటినిండా నవ్వు. సంధ్యారాణి ఎవరి వైపూ చూడకుండా అన్నం కలుపుకుంది. మెడ నిటారుగా ఉంది.

అచ్చియ్యమ్మ గరిటె అందుకుని, కూరలో వెతికి ఒక మంచి ముక్క తీసి కోడలి కంచంలో వేసింది.

"రాసింది నాకు సదివి ఇనిపించు," అంది. "తప్పులుంటే నాను సెప్తాను."